పదకొండు రేణువులు

బడిపిల్లల భూగోళం పుస్తకంలో ఒక పటం ఉండేది. మధ్యలో నల్లటి త్రికోణం, అది అగ్నిపర్వతం. దాని చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో చుక్కల గీత. ఎన్నో వేల ఏళ్ళ కిందట ఆ పర్వతం పేలినప్పుడు బూడిద ఎంత దూరం పడిందో చెప్పే గీత అది. తూర్పు వైపున మాత్రం ఆ గీత కొండల వరస దాటి, ఎవరో చెయ్యి చాపినట్టు ముందుకు సాగి, ఒక చిన్న చెరువును తాకి ఆగేది. ఇరవై ఏళ్ళపాటు పిల్లలు దాన్ని పెన్సిలుతో దిద్దుకున్నారు. ఇప్పుడు అచ్చయ్యే పుస్తకాల్లో ఆ చాపిన చెయ్యి లేదు. దాన్ని గీసిన మనిషే చెరిపేసింది.

ఆమెను ఇంట్లోవాళ్ళూ, పనిచేసేచోటివాళ్ళూ, చివరికి వీధి మలుపులో కూరగాయలమ్మే అతనూ బూడిదక్క అనే పిలిచేవాళ్ళు. పేరు పెట్టింది తమ్ముడు. ఆమె కాలేజీలో చదివే రోజుల్లో ఒకసారి విద్యార్థులందరినీ కొత్తగా కొండ తొలిచి వేస్తున్న రోడ్డు దగ్గరికి తీసుకెళ్ళారు. తెగిన మట్టిగోడలో బెత్తెడు మందాన తెల్లటి చార కనిపించింది. మేష్టారు అదేమిటో చెప్పమన్నారు. ఒకరు సున్నం అన్నారు, ఒకరు ముగ్గురాయి అన్నారు. ఆమె చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంది. పళ్ళ మధ్య కరకరలాడింది.

"గాజులా ఉంది సార్," అంది.

"గాజేనమ్మా," అన్నారాయన. "పేరుకి బూడిద. పొయ్యిలో బూడిదలాగా దేన్నో కాలిస్తే మిగిలింది కాదిది. కొండ కడుపులో కరిగిన రాయి, పైకి చిమ్మినప్పుడు గాల్లోనే గడ్డకట్టి పొడైంది."

ఇంటికి వెళ్ళి ఈ సంగతి సంబరంగా చెబితే తమ్ముడు కడుపు పట్టుకుని నవ్వాడు. "అమ్మా, అక్క బూడిద తినొచ్చిందట! రేపట్నుంచి దానికి అన్నం వండక్కర్లేదు." తల్లి కుట్టుమిషను ఆపకుండానే, "తిన్నదేదో అరిగితే చాలు," అంది. ఆ పేరు అలా అతుక్కుపోయింది.

తల్లి బట్టలు కుట్టి ఇద్దర్నీ చదివించింది. బూడిదక్క మిషను చప్పుడు వింటూ, కత్తిరించిన ముక్కలు ఏరుతూ పెరిగింది. పాత గుడ్డేదో కొత్త గుడ్డేదో కళ్ళు మూసుకుని వేళ్ళతో చెప్పగలదని తల్లి అందరితో గొప్పగా అనేది. ఆ మాట తర్వాత ఎంత గుచ్చుకుంటుందో అప్పుడు ఎవరికి తెలుసు?

చదువు ముగిశాక ఆ మేష్టారి ప్రయోగశాలలోనే పనికి కుదిరింది. పెళ్ళి మాటలు ఒకటి రెండు వచ్చాయి, వచ్చినట్టే పోయాయి. తమ్ముడి వాటాకు పైన రెండు గదుల్లో ఉండేది. పొద్దున్న బస్సెక్కి వెళ్ళడం, సాయంత్రం కళ్ళు నులుముకుంటూ దిగడం.

పని చెప్పుకోవడానికి తేలిక, చెయ్యడానికి ఓపిక. చెరువు నడుమ పడవ ఆపి, పొడుగాటి గొట్టాన్ని అడుగుదాకా దించి, ఏటికేడు పొరలు పొరలుగా పేరుకున్న బురదను చెదరకుండా పైకి తీస్తారు. దాన్ని అంగుళంలో సగానికి ఒక ముక్కగా కోస్తారు. ముక్కను కొలిమిలో కాల్చి, ఆమ్లంలో కడిగి, సన్నటి నైలాను జల్లెడ గుడ్డలో వడకడతారు. గుడ్డలో నిలిచినదాన్ని గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపు కింద చూస్తారు. కంటికి కనిపించే చార లేకపోయినా, వందల రాతిరేణువుల మధ్య ఎక్కడో ఒక గాజు రేణువు తళుక్కుమంటే, ఆ ఏడాది అక్కడ బూడిద రాలిందని లెక్క. అదే కొండదని తేలాలంటే ఆ గాజులో ఏమేమి కలిసి ఉన్నాయో చూడాలి. ఏ కొండ గాజు ఆ కొండదే, మనిషి వేలిముద్రలాగా.

మైక్రోస్కోపు మీదికి వంగే ముందు బూడిదక్క ప్రతిసారీ కళ్ళు మూసుకుని ఒకే మాట అనుకునేది: "దేవుడా, ఉన్నది చూపించు. లేనిది చూపించకు."

ఆ ప్రయోగశాలలో సీసాలు కడిగే ఆవిడను అందరూ పిన్ని అనేవాళ్ళు. భర్త పోయాక ముప్పై అయిదో ఏట ఆ పనిలో చేరింది. చదువు రాదు. ఎవరి సీసాలు వాళ్ళకు చేర్చడానికి ఒక్కొక్కరి సీసా మెడకు ఒక్కో రంగు దారం కట్టేది. బూడిదక్కది నీలం దారం. చలికాలం మైక్రోస్కోపు మర తిప్పే వేళ్ళు కొయ్యబారిపోతాయని, ఎవరూ చెప్పకుండానే సీసాలో వేణ్ణీళ్ళు పోసి, తువ్వాలు చుట్టి, ఆమె పక్కన పెట్టి పోయేది.

"నాకెందుకు పిన్నీ ఈ సేవలు?" అంటే, "నీక్కాదులే, నీ వేళ్ళకి," అనేది.

జల్లెడ గుడ్డలను చుట్టలోంచి అరచేతంత ముక్కలుగా కత్తిరించుకోవాలి. ఒక ముక్క ఒకసారే వాడాలి. వాడిన గుడ్డలను బూడిదక్క తొట్టి పక్కన పెట్టి, "ఇవి పారెయ్యి పిన్నీ," అనేది. కొత్తగా చేరిన విద్యార్థులను మాత్రం బల్ల చుట్టూ నిలబెట్టి ఎందుకో అరగంటసేపు చెప్పేది: నేతలో ఒక్క రేణువు ఇరుక్కున్నా అది తర్వాతి చెరువులోకి ఎక్కుతుంది, అబద్ధం సాక్ష్యం చెబుతుంది అని. పిన్నికి "పారెయ్యి" అన్న ఒక్కమాట చాలనుకుంది. అనుకోవడం కూడా కాదు, ఆ సంగతి తలపుకే రాలేదు.

ఒక ఏడు పర్వతానికి దగ్గరగా ఉన్న పెద్ద చెరువు పని చేశారు. అక్కడ బూడిద వేలెడు మందాన ఉంది. గుడ్డలు గాజుతో తెల్లగా మెరిసేవి. మరుసటి ఏడు కొండల వెనక ఉన్న చిన్న చెరువు పని మొదలైంది. అక్కడిదాకా బూడిద వచ్చి ఉండదని అందరి నమ్మకం. ఆ రోజుల్లోనే బూడిదక్క సొరుగు లాగితే, తెల్లటి గుడ్డముక్కలు నలుచదరంగా, ఇస్త్రీ చేసినట్టు, దొంతరగా పేర్చి కనిపించాయి. తన పని తేలికవుతుందని పిన్ని చుట్టలోంచి ముందే కత్తిరించి పెట్టిందనుకుంది. మనసు నిండిపోయింది. ఆ రోజు ఆవిడ పక్కన కూర్చుని తన డబ్బాలోది సగం పెట్టి, "నా పని నాకంటే నీకే ఎక్కువ తెలుసు పిన్నీ," అంది. పిన్ని సిగ్గుపడి నవ్వింది. ఇద్దరూ ఒకే సంగతి గురించి మాట్లాడుకుంటున్నామనే అనుకున్నారు.

నూట నలభయ్యో ముక్కలో తళుక్కుమంది. ఒకటి కాదు, పదకొండు రేణువులు. బుడగ పగిలిన పెంకుల్లా, వంపు తిరిగి, నీళ్ళంత తేటగా.

మేష్టారు చూసి చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తి, "మళ్ళీ చెయ్యి," అన్నారు.

మిగిలిన సగం ముక్కతో, సొరుగులోదే ఇంకో గుడ్డలో వడకట్టి మళ్ళీ చేసింది. మూడు రేణువులు. ఇక చివరి పరీక్ష: బురద ఏమీ వెయ్యకుండా వట్టి నీళ్ళు వడకట్టి, గుడ్డలోనూ సీసాలోనూ దోషం లేదని తేల్చుకోవడం. అంత ముఖ్యమైన పరీక్షకు సొరుగులోది ఎందుకని, చుట్టలోంచి తన చేత్తో కొత్త ముక్క కత్తిరించుకుంది. ఒక్క రేణువూ లేదు. ఎక్కువ జాగ్రత్త పడబోయి, ఆ జాగ్రత్తతోనే తప్పు మీద మూత పెట్టేసింది.

గాజు అదే కొండదని పరీక్షలో తేలింది. తేలకేం చేస్తుంది?

బూడిద కొండలు దాటిందంటే పేలుడు అనుకున్నదానికంటే ఎంతో పెద్దదన్నమాట, గాలి తూర్పుకు వీచిందన్నమాట. మేష్టారు చెమ్మగిల్లిన కళ్ళతో, "నేను మూసేసిన పుస్తకం తెరిచావమ్మా," అన్నారు. రెండేళ్ళకు ఆయన పోయారు, ఆ సంతోషంతోనే. పరిశోధన పత్రం చివర కృతజ్ఞతలు చెప్పేచోట బూడిదక్క ఆయన పేరు తర్వాత ఇంకో వాక్యం చేర్చింది: "మా సీసాలు కడిగి, మా చేతులు వెచ్చగా ఉంచిన పిన్నికి." ఆ పేజీ పిన్నికిచ్చి, వేలు పెట్టి చదివి వినిపించింది. ఆవిడ ఆ వాక్యం మీద వేలుంచి, "ఇది నేనా?" అంది. పటం కట్టించి గోడకు తగిలించుకుంది.

ఆ తర్వాత పాతికేళ్ళూ ఆ పదకొండు రేణువుల నీడలోనే గడిచాయి. గీత పటంలోకెక్కింది, పటం పుస్తకంలోకెక్కింది. తమ్ముడి కూతురు పరీక్షలో ఆ గీత గీసి, "మా అత్తయ్యది," అని పక్కన రాసి, రెండు మార్కులు పోగొట్టుకుంది. పిన్ని పని మానేసి, బస్సు డిపో వెనక ఒక గదిలో చేరింది. ప్రతి ఆదివారం మూడు గంటలకు బూడిదక్క ఆవిడ దగ్గరికి వెళ్ళేది. ఇద్దరూ టీ తాగేవాళ్ళు. పిన్నికి చూపు మందగించింది. అయినా టీ తనే పెట్టాలి.

బూడిదక్క ఉద్యోగం ముగించిన మరుసటి ఏడు, తన దగ్గరే చదువుకున్న శిష్యురాలి నుంచి ఉత్తరం వచ్చింది. ఆ చిన్న చెరువులోంచి మళ్ళీ మూడు గొట్టాలు తీశారట. ఆ లోతులో గాజు కనిపించలేదట. చదివిన వెంటనే ఫోన్ చేసింది.

"ఏమ్మా, కళ్ళద్దాలు మార్చుకున్నావా?"

"మార్చుకున్నానండి," అంది శిష్యురాలు బిక్కుబిక్కుమంటూ. "ముగ్గురం విడివిడిగా చూశాం. బహుశా మా గొట్టాలు పడిన చోట..."

"తప్పు చోటుది కాదు, మీ ఓపికది. నేను నా కళ్ళతో చూశాను. పదకొండు ఉన్నాయి. పలకలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి, పోయి చూసుకో."

"చూశానండి. ఉన్నాయి. అందుకే అర్థం కావడం లేదు."

ఆ ఆదివారం పిన్ని గదిలో కూర్చుని ఆ కోపమే వెళ్ళగక్కుతోంది. పిన్ని గిన్నెలో టీని గ్లాసుల్లోకి వడకడుతోంది. చేతిలో చిన్న తెల్లగుడ్డ, అంచులు మడిచి కుట్టింది, టీ మరకలతో గోధుమరంగు తిరిగింది. బూడిదక్క మాట మధ్యలో ఆగిపోయింది. ఆ నేత ఆమెకు తెలుసు.

"ఇదెక్కడిది పిన్నీ?"

"నీదేగా తల్లీ. పారెయ్యమన్నవి. బంగారంలాంటి గుడ్డ, ఒక్కసారి నీళ్ళు పోసి పారెయ్యడానికి చేతులెట్లా వస్తాయి? చక్కగా ఉన్నవి సబ్బేసి ఉతికి, ఆరేసి, పుస్తకం కింద అణిచి నీ సొరుగులో పెట్టేదాన్ని. అంచులు పోయినవి ఇంటికి తెచ్చుకున్నా. ఒక ఏడాదేమో చేశాను, తర్వాత గుడ్డలు కత్తిరించే మిషను వచ్చింది కదా." ఆవిడ నవ్వింది. "నువ్వు ఆ రోజు నీ డబ్బాలోది పెట్టావు, గుర్తుందా? ఉతికానని తెలిసే పెట్టావనుకున్నా."

సొరుగులో గుడ్డ మెత్తగా ఉండడం బూడిదక్కకు గుర్తొచ్చింది. వడకట్టేటప్పుడు బిగించే రింగుకు ఎంత బాగా పట్టిందో అనుకోవడం కూడా గుర్తొచ్చింది. కుట్టుపని చేసే తల్లి కడుపున పుట్టి, కొత్త గుడ్డకూ ఉతికిన గుడ్డకూ తేడా ఆ రోజు వేళ్ళకు తెలిసింది. మనసే వినలేదు.

"ఈ గుడ్డ నేను తీసుకెళ్ళనా?" అంది.

"తీసుకో. దాంతో ఏం చేస్తావు?"

"చూస్తాను."

శిష్యురాలి ప్రయోగశాలకు వెళ్ళి, ఏమీ చెప్పకుండా ఒక మైక్రోస్కోపు అడిగి తీసుకుంది. గుడ్డ అంచుకు పిన్ని వేసిన కుట్లు బ్లేడుతో ఒక్కొక్కటే విప్పింది. అంత సన్నగా, అంత సమంగా వేసిన కుట్లు. విప్పుతుంటే ఏదో పాపం చేస్తున్నట్టనిపించింది. మడతలో ఉన్నదాన్ని నీళ్ళతో కడిగి పలక మీద పరిచింది. కళ్ళు మూసుకుంది. ఎప్పటి మాటే అనుకోబోయి, ఈసారి సగంలో ఆగింది. ఉన్నది చూపించు అనడానికి నోరు రాలేదు. అయినా కాసేపటికి అంది.

టీ ఆకు నలుసుల మధ్య, పాతికేళ్ళు దాక్కున్న గాజు, బుడగ పెంకుల్లా, తేటగా. ఏడు రేణువులు లెక్కపెట్టి ఆపేసింది.

తమ్ముడితో చెబితే వాడు మొదట నమ్మలేదు, తర్వాత గట్టిగానే అన్నాడు. "అక్కా, ఎవరికి తెలుసు? నీకూ నాకూ ఆ గుడ్డకీ. వాళ్ళ గొట్టాలు వేరే చోట పడ్డాయనుకుంటారు, నాలుగు రోజులు వాదించుకుని ఊరుకుంటారు."

"పిల్లలు దిద్దుతున్నారు రా ఆ గీతని."

"దిద్దనీ! దిద్దితే వేళ్ళు అరుగుతాయా? పోనీ నీ సంగతి వదిలెయ్. ఆ ముసలావిడ సంగతేంటి? గోడ మీద నీ కాగితం పెట్టుకుని బతుకుతోంది. దాన్ని తప్పంటే ఆవిడేమైపోవాలి?"

బూడిదక్కను మూడు వారాలు నిద్రపోనివ్వనిది అదే. గీత పోతే తన జీవితంలో పేరు పెట్టి చెప్పుకునేదేమీ మిగలదు, అది ఒక దుఃఖం. కానీ నిజం రాస్తే, తన చేతులు వెచ్చగా ఉంచిన మనిషి చేతులే తప్పు చేశాయని లోకానికి చెప్పినట్టవుతుంది. దాచితే దేవుడి ముందు ప్రతిరోజూ వంగి అడిగిన మాటకు అర్థం లేదు. రెండు ఆదివారాలు టీ తాగి, గోడ మీది పటం వైపు చూడకుండా తిరిగొచ్చింది.

మూడో వారం తన గదిలో, మేష్టారి కుర్చీలాంటి పాత కుర్చీలో కూర్చుని, పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నానికి రాసి ముగించింది. చిన్న ఉత్తరమే, పరిశోధన పత్రికలో వేయించమని శిష్యురాలికి పంపింది. చదివి శిష్యురాలు ఫోన్లో ఏడ్చింది. "మీరు ఇలా రాయక్కర్లేదండి. సామగ్రి దోషం అంటే సరిపోతుంది." "సామగ్రి ఏం చేసిందమ్మా," అంది బూడిదక్క. "అట్లాగే వెయ్యి."

అచ్చయిన రోజు ఆదివారం కాదు. అయినా పత్రిక పట్టుకుని పిన్ని దగ్గరికి వెళ్ళింది.

"ఇవాళ వచ్చావేం?" అంది పిన్ని అడుగుల చప్పుడు గుర్తుపట్టి.

"నీకు ఒకటి చదివి వినిపించాలి."

"నా గురించేనా మళ్ళీ?" ఆవిడ మొహం విప్పారింది. కొంగు సర్దుకుని కూర్చుంది.

బూడిదక్క చదివింది. ఒక్క మాట దాటవేయలేదు. "చిన్న చెరువులో బూడిద ఉందని నేను రాసింది తప్పు. ఆ రేణువులు వాడిన జల్లెడ గుడ్డలోంచి వచ్చాయి. గుడ్డ ఒకసారే ఎందుకు వాడాలో నాకు తెలుసు. నా విద్యార్థులందరికీ చెప్పాను. ఆ గుడ్డలు ఎవరి చేతిలో పెట్టేదాన్నో ఆ మనిషికి మాత్రం చెప్పలేదు. ఆమె తన పనిని మంచి మనసుతో చేసింది. నా పని నేను చెయ్యలేదు."

బయట డిపోలో ఏదో బస్సు వెనక్కి తిరుగుతూ కూతపెడుతోంది.

"అంటే నేను ఉతికినవే."

"అవును పిన్నీ."

"నీ గీత పోయిందా?"

"పోయింది."

"నా వల్ల."

"నా వల్ల. అందులో అదే రాసి ఉంది."

"రాసింది నువ్వేగా," అంది పిన్ని. నవ్వబోయింది, రాలేదు. "పిల్లల్ని బల్ల చుట్టూ నిలబెట్టి చెప్పేదానివి. నేను వెనక సీసాలు కడుగుతూ వినేదాన్ని. కొండ ఎట్లా పేలిందీ, గాలి ఎటు వీచిందీ, అన్నీ విన్నాను. తొట్టిలో నీళ్ళు పడే చప్పుడుకి కొన్ని వినపడేవి కావు. ఆ ఒక్కటీ నాకెందుకు చెప్పలేదమ్మా? చెబితే చేసేదాన్నా?"

దారి పొడుగునా బూడిదక్క ఎన్నో జవాబులు సిద్ధం చేసుకుంది. ఒక్కటీ నిజం కాదనిపించింది.

"తోచలేదు పిన్నీ," అంది.

పిన్ని తల ఊపింది, ఆ జవాబు తనకు ముందే తెలిసినట్టు. తర్వాత చెయ్యి చాపింది. "ఇప్పుడు చెప్పు."

సంచిలో చిన్న సీసా ఉంది, పెద్ద చెరువు గాజుది. పాతికేళ్ళకు పైగా సంచిలోనే తిరుగుతోంది, దాని మెడకు నీలం దారం ఇంకా ఉంది. మూత తీసి, ఆవిడ అరచేతిలో చిటికెడులో చిటికెడు పోసింది. పిన్ని రెండో చేతి వేలితో నెమ్మదిగా రాసి చూసింది.

"ఏమీ తగలడం లేదే."

"తగలదు. సబ్బేసి ఉతికినా పోదు. అందుకే పారెయ్యమన్నాను."

పిన్ని పిడికిలి మూసింది. గట్టిగా, నీళ్ళు కారిపోతాయేమో అన్నట్టు. భయంభయంగా అడిగింది: "ఇప్పుడిది ఎక్కడ దులపాలి తల్లీ? ఎక్కడ దులిపినా అంటుకుంటుందిగా."

బూడిదక్క పళ్ళెంలో నీళ్ళు తెచ్చి, కింద కూర్చుని, ఆ పిడికిలి విప్పి, వేలు వేలూ విడివిడిగా కడిగింది. పిన్ని వద్దనలేదు. మొహం మాత్రం గోడ వైపు తిప్పుకుంది.

ఆ తర్వాతి ఆదివారం మూడు గంటలకు వెళ్ళేసరికి గోడ మీద మేకు ఉంది, పటం లేదు. టీ అయ్యింది. పిన్ని గిన్నె ఎత్తి, దేనిలోనూ వడకట్టకుండా, నేరుగా గ్లాసుల్లో పోసింది. ఆకు పైకి తేలింది. బూడిదక్క తాగింది. పళ్ళ మధ్య కరకరలాడింది.